గవర్రాజు బండికి రెండో గుద్దు

చినరాజుపేట బస్టాండు దగ్గర పునుగుల బండి పెట్టుకున్న గవర్రాజు ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు. వాళ్ళే అనుకునేవారు, రోజుకి రెండు పూటలా, భోంచేసి చెయ్యి కడుక్కునేటప్పుడు.

"జనం ఎందుకు పాడైపోతున్నారో తెలుసా?" అనేవాడు గవర్రాజు. "ఒకటి చెబితే ఇంకొకటి చేస్తారు. మనం అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం."

"పొల్లు పోనివ్వం అన్నయ్యా," అనేవాడు తమ్ముడు నూకరాజు, మాత్ర మింగుతూ. మూడేళ్ళ కిందట జ్వరమొస్తే డాక్టరు భోజనం తర్వాత మాత్ర వేసుకోమన్నాడు. జ్వరం నాలుగు రోజుల్లో పోయింది. మాత్ర మానెయ్యమని మాత్రం డాక్టరు చెప్పలేదు. అందుకని నూకరాజు ఇప్పటికీ వేసుకుంటూనే ఉన్నాడు.

గవర్రాజు భార్య మంగతాయారు ఆ అన్నదమ్ముల మాటలు విని మురిసిపోయేది. ఇంత తెలివైన ఇంట్లో పడ్డానే అని పుట్టింటి వాళ్ళని తలుచుకుని జాలిపడేది కూడా. అయితే పునుగులు వేసేది మాత్రం ఆవిడే. పిండి రుబ్బేదీ, చట్నీ చేసేదీ ఆవిడే. బండి కదిలితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. అందుకని ఆవిడకి ఆ బండి అంటే ప్రాణం.

ఒకనాడు సాయంత్రం, నెల మూడో తారీకున, మొదటి వాయి నూనెలో పడిందో లేదో, యేసుపాదం వచ్చి బండిని గుద్దాడు.

యేసుపాదం 'గబాగబా' మనిషి. గబాగబా అంటే ఒక కంపెనీ పేరు. ఫోనులో నొక్కితే చాలు, ఏ హోటలు తిండైనా మోటారుసైకిలు మీద మీ గుమ్మంలోకి తెచ్చిస్తుంది. తెచ్చేది కంపెనీ కాదనుకోండి, యేసుపాదంలాంటి వాళ్ళు తెస్తారు. నలభై అయిదేళ్ళ మనిషి. పొద్దుట్నుంచీ అప్పటికి పద్నాలుగు ఇళ్ళు తిరిగాడు. 'ఆలస్యమవుతోంది, ఆలస్యమవుతోంది' అని ఫోను మొత్తుకుంటుంటే ఒక్క క్షణం దానివైపు చూశాడు. అంతే! బండి ఎడమ చక్రం ఊడి రోడ్డు అవతలకి దొర్లింది. పక్కనే నిలబడి చట్నీ పోస్తున్న నూకరాజు గిన్నెతో సహా మురికి కాలవలో పడ్డాడు.

యేసుపాదం మోకాలు చెక్కుకుపోయింది. అయినా లేచి దణ్ణం పెట్టాడు. "తప్పు నాదే అన్నా. కంపెనీ చేత బాగు చేయిస్తాను. కానీ నా ఫోను పగిలింది. ఎవరిదైనా అడిగి తెచ్చి ఫోటో తీస్తాను. అందాకా ఏదీ కదపకండి, ఏదీ ముట్టుకోకండి!" అని కుంటుకుంటూ వెళ్ళాడు.

కాలవలోంచి నూకరాజు తల పైకెత్తాడు.

"కదలకు!" అన్నాడు గవర్రాజు.

"అన్నయ్యా, పంది వస్తోంది."

"పందిని కూడా కదపకు."

మంగతాయారు చూస్తోంది. ఒరిగిపోయిన బండి మీద గ్యాసు పొయ్యి ఇంకా భగభగ మండుతోంది. బాణలిలో పునుగులు ఎర్రబడ్డాయి, తర్వాత నల్లబడ్డాయి, తర్వాత కనబడ్డం మానేశాయి. ఆవిడ చెయ్యి దానంతటదే పొయ్యి వైపు వెళ్ళింది.

"మంగా! ముట్టుకోవద్దన్నాడా లేదా?"

ఆవిడ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంకేముంది, మంట పైకి లేచి బండి మీది పట్టాకి అంటుకుంది. పక్క టీకొట్టాయన తడి గోనెలు తెచ్చి కప్పబట్టి సరిపోయింది గానీ, లేకపోతే బస్టాండుకీ అంటుకునేదే.

యేసుపాదం తిరిగొచ్చి నోరు తెరిచాడు. "నేను గుద్దింది చక్రాన్నే కదక్కా! ఈ పట్టా ఎలా కాలింది?"

"నువ్వు ముట్టుకోవద్దన్నావుగా నాయనా," అంది మంగతాయారు. "ముట్టుకోలేదు."

యేసుపాదం ఫోటో తీసి, కంపెనీ నంబరు ఒకటి కాగితం మీద రాసిచ్చి, నూకరాజుని కాలవలోంచి లేపాడు.

ఇంటికెళ్ళి నంబరు నొక్కితే ఒక ఆడగొంతు పలికింది. 'మీ కాల్ మాకెంతో విలువైనది. దయచేసి ఫోను పెట్టేయకండి.'

పెట్టేయొద్దంటే ఎలా పెట్టేస్తారు? పెట్టలేదు. వంతులేసుకుని పట్టుకున్నారు. ఫోనుకి చార్జరు తగిలించి పట్టుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం మంగతాయారు వంతు వచ్చింది.

"అమ్మాయ్, భోంచేశావా?" అని అడిగింది.

'మీ కాల్ మాకెంతో విలువైనది.'

"విన్నారటండీ? తిండి కూడా మానేసి మన కోసమే కూర్చుంది, పిచ్చిపిల్ల," అని కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత తన పెళ్ళి కబుర్లూ, బండి కొన్న వైనమూ, ఎడమ చక్రం కిర్రుమనే చప్పుడూ అన్నీ ఆ పిల్లకి చెప్పుకుంది. ఎంతసేపు చెప్పినా ఆ పిల్ల ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

మూడో రోజు యేసుపాదం వచ్చి, సంగతి తెలుసుకుని, ఫోను లాక్కుని పెట్టేశాడు.

"అయ్యో! వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు. ఏమనుకుంటుందో!" అని మంగతాయారు ఆ పూట అన్నం తినలేదు.

యేసుపాదానికి అసలు భయం వేరే ఉంది. వీళ్ళు పోలీసుల దాకా వెళితే కంపెనీ అతని పేరు కొట్టేస్తుంది. పేరు కొట్టేస్తే పని లేదు. పని లేకపోతే మోటారుసైకిలు వాయిదా కట్టలేడు. అందుకని తనే దగ్గరుండి ముగ్గురినీ గబాగబా ఆఫీసుకి తీసుకెళ్ళాడు. టైర్ల షాపు మీద చిన్న గది. అందులో ఒక ఏసీ, ఒక కుర్చీ, ఆ కుర్చీలో శేషగిరి అనే గుమాస్తా.

శేషగిరి అంతా విని, కంప్యూటరు మీంచి తల ఎత్తకుండానే చెప్పాడు. "చూడండి, యేసుపాదం మా ఉద్యోగి కాదు. మా వ్యాపారంలో భాగస్వామి. ఆయన చేసినదానికి కంపెనీ బాధ్యత వహించదు."

గవర్రాజు చటుక్కున యేసుపాదం వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "బాబుగారూ! తెలియక ఏకవచనంలో పిలిచాం. తమరు వాటాదారులని ఒక్క మాట చెప్పకూడదా?" అని శేషగిరి వైపు తిరిగి గుడ్లురిమాడు. "లెండి సార్, లెండి! వాటాదారు కుంటి కాలుతో నిలబడి ఉంటే జీతగాడు కూర్చుంటాడా? ఆయన ఎండలోనూ, మీరు చల్లటి గదిలోనూనా? ఇదేం కంపెనీ?"

శేషగిరి లేచే లోపలే నూకరాజు కుర్చీ లాగేసి, తువ్వాలుతో దులిపి, యేసుపాదాన్ని భుజాలు పట్టి కూర్చోబెట్టాడు. ఆ కంపెనీలో చేరిన మూడేళ్ళలో మొదటిసారి యేసుపాదం ఏసీ కింద కూర్చున్నాడు. వద్దు వద్దంటూనే ఉన్నాడు గానీ, ఆ చల్లదనానికి కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి.

వీళ్ళు మామూలుగా వదిలే రకం కాదని శేషగిరికి అర్థమైంది. "సరే, ఒక పని చెయ్యండి," అన్నాడు. "ప్రమాదానికి ముందు బండి ఎలా ఉందో ఒక ఫోటో, తర్వాత ఎలా ఉందో ఒక ఫోటో. రెండూ తెస్తేనే దరఖాస్తు ఇస్తాను. లేకపోతే ఇవ్వను." పునుగుల బండిని ఎవరు ముందుగా ఫోటో తీయించి పెట్టుకుంటారు? అదే అతని ధైర్యం.

"తర్వాత ఫోటో ఉంది. ముందు ఫోటో లేదే!" అన్నాడు నూకరాజు మెట్లు దిగుతూ.

"బండి ముందెలా ఉండేదో అలా చేసి, అప్పుడు తీద్దాం," అన్నాడు గవర్రాజు.

మంగతాయారు మొగుడి బుర్రకి దిష్టి తీసినంత పని చేసింది. చెవుల దిద్దులు తీసి ఇచ్చింది. అవి తాకట్టు పెట్టి కొత్త చక్రం వేయించారు, కొత్త పట్టా కట్టించారు, నీలం రంగు కూడా కొట్టించారు. పద్నాలుగో తారీకు సాయంత్రానికి బండి పెళ్ళికూతురిలా తయారైంది. మంగతాయారు ఒంటి చేత్తో ఇలా తోసింది. కిర్రుమనకుండా జర్రున కదిలింది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

"ఏవండీ, బండి బాగైపోయిందిగా. పిండి ఉంది. ఒక్క వాయి వేద్దామా?"

"పునుగులా? అసలు బండి ఎందుకు బాగు చేయించాం?"

"ఎందుకండీ?"

"ఫోటోకి!"

మంగతాయారు నాలిక కరుచుకుంది. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో కాపురం చేసి కూడా ఇంత బుద్ధితక్కువ ఆలోచన ఎలా వచ్చిందా అని సిగ్గుపడింది.

మర్నాడు, పదిహేనో తారీకున, ఫోటో తీసుకెళ్ళారు. శేషగిరి అప్పుడే క్యారేజీ విప్పుకున్నాడు. ఫోటో చూసి ముద్ద కింద పెట్టేశాడు.

"ఇది నిన్న తీసింది. యాక్సిడెంటు మూడో తారీకున అయింది. దీన్ని ముందు ఫోటో అంటారా?"

"మరేమంటారు సార్?" అన్నాడు గవర్రాజు వినయంగా.

"ఇది ముందు ఫోటో కావాలంటే దీని తర్వాత ఇంకో యాక్సిడెంటు జరగాలయ్యా! జరిపించుకుని రా, పో!"

"అంతేనా సార్? ముందే చెప్పకపోయారా?"

అంతే! గబగబా మెట్లు దిగారు. "చూశావా, చదువుకున్నవాళ్ళు ఎంత వివరంగా చెబుతారో," అన్నాడు గవర్రాజు తమ్ముడితో.

ఇంటికి రాగానే నూకరాజు ఫోనులో ఒక నిమ్మకాయ సోడా కోరాడు. తెచ్చేవాడికి ఏమైనా చెప్పాలా అని ఫోను అడిగితే ఇలా రాశాడు: 'నెమ్మదిగా రావద్దు. వాకిట్లో నీలం బండిని గుద్దవలెను. ఎడమ చక్రం.'

ఆ పేటకి తిరిగేది యేసుపాదం ఒక్కడే. సోడా పట్టుకుని వచ్చాడు. జాగ్రత్తగా వచ్చాడు. బండికి నాలుగు గజాల ఇవతలే ఆపేశాడు.

"ఏమిటన్నా ఈ రాతలు?"

"ఒక్కసారి బాబుగారూ," అని బతిమాలాడు గవర్రాజు. "మొన్న ఊరికే గుద్దారు. ఇవాళ మా కోసం గుద్దలేరా?"

"బండి బాగైపోయిందిగా అక్కా!" అని యేసుపాదం మంగతాయారు వైపు తిరిగాడు. "చక్రం కొత్తది, పట్టా కొత్తది. పునుగులు వేసుకుని అమ్ముకోండి. ఇంకేం కావాలి మీకు?"

ఆవిడ అతని వైపు జాలిగా చూసింది. మంచివాడే, బుర్ర కాస్త తక్కువ, అనుకుంది. మంచినీళ్ళిస్తాను రమ్మని అరుగు మీదికి పిలిచింది. అతను ఇటు తిరిగి గ్లాసు ఎత్తాడో లేదో, అటు గవర్రాజు మోటారుసైకిలు ఎక్కాడు. జన్మలో ఎక్కలేదు, అదే మొదలు.

"ఆగు అన్నయ్యా! మొన్న నేను కాలవలో ఉన్నాను," అని నూకరాజు వెళ్ళి వాకిట్లోని కాలవలో పడుకుని, అక్కణ్ణుంచే ఫోను గురిపెట్టాడు.

"మొన్న పొయ్యి వెలుగుతోందండోయ్!" అని మంగతాయారు పరుగున వెళ్ళి పొయ్యి వెలిగించి, బాణలిలో నూనె పోసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

ఇంకేముంది! మొన్న ఒక్క చక్రమే పోయింది. ఇవాళ రెండూ పోయాయి. ఇరుసు విరిగింది, బాణలికి చిల్లు పడింది, కొత్త పట్టా భగ్గుమంది. మోటారుసైకిలు హ్యాండిలు వంకర తిరిగింది. గవర్రాజు చెయ్యి కూడా తిరిగింది. ఫోటో మాత్రం చాలా బాగా వచ్చింది.

యేసుపాదం రోడ్డు మీద కూలబడ్డాడు. "నా బండి... ఇంకా పదకొండు వాయిదాలున్నాయి అక్కా..."

"మీకేం బాబూ, వాటాదారులు," అని ఓదార్చింది మంగతాయారు.

చేతికి కట్టు కట్టించుకుని మళ్ళీ ఆఫీసుకి వెళ్ళారు. ముందు ఫోటో ముందు తారీకున ఉంది, తర్వాత ఫోటో తర్వాత ఉంది. శేషగిరి దరఖాస్తు ఇచ్చాడు. అందులో 'నష్టపోయిన వారి పేరు' అని ఉన్నచోట గవర్రాజు తన పేరు రాశాడు. కింద 'గుద్దిన వారి పేరు' అని ఉంది. ఉన్నదున్నట్టు రాయడం వాళ్ళింటి పద్ధతి. అక్కడ కూడా గవర్రాజు అనే రాశాడు.

శేషగిరి ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఆ గదిలో కూర్చున్నాక మొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వాడు. టపటపా టైపు కొట్టి ముద్ర వేసి ఇచ్చాడు. 'గబాగబా కంపెనీకి ఈ ప్రమాదంతో ఏ సంబంధమూ లేదు. గవర్రాజుకి కలిగిన నష్టమంతా గుద్దిన గవర్రాజే భరించాలి. యేసుపాదం మోటారుసైకిలు మరమ్మతు కూడా గవర్రాజే చేయించాలి.'

"గెలిచాం!" అని కేక పెట్టాడు నూకరాజు. మంగతాయారు బోసి చెవులు తడుముకుని ఆనందంతో ఏడ్చేసింది. నష్టమంతా ఇస్తారట, పూర్తిగా! దిద్దులు వచ్చేస్తాయి, బండి వచ్చేస్తుంది.

ఇక వసూలు చేసుకోవడమే మిగిలింది. ఇవ్వాల్సినవాడు ఇవ్వకపోతే వాడింటి ముందు చాప వేసుకుని కూర్చోవడం ఆ ఊరి అలవాటు. మర్నాడు పొద్దున్నే గవర్రాజు ఇంటి ముందు చాప పరిచారు. గవర్రాజు, నూకరాజు, మంగతాయారు వరసగా కూర్చున్నారు. చివర్న యేసుపాదం కూడా కూర్చున్నాడు. అతనికి వెళ్ళడానికి వేరే చోటు లేదు, వెళ్ళడానికి బండీ లేదు.

"గవర్రాజు బయటికి రావాలి!" అందరికంటే గట్టిగా అరిచింది గవర్రాజే.

"పరిహారం ఇచ్చి తీరాలి!" అన్నాడు నూకరాజు.

పొద్దెక్కింది. వచ్చేపోయే జనం నిలబడి చూశారు. ఇంట్లోంచి ఎవరూ రాలేదు.

"ఎంత మొండివాడో చూడు," అన్నాడు గవర్రాజు చెమట తుడుచుకుంటూ. "మంగా, నువ్వు దొడ్డిదారిన వెళ్ళి లోపలున్నాడేమో చూసిరా."

మంగతాయారు వెళ్ళింది. ముందుగది చూసింది, వంటిల్లు చూసింది, మంచం కిందికి కూడా వంగి చూసింది. రొప్పుతూ తిరిగొచ్చింది.

"లేడండీ! మంచం ఖాళీ. చెప్పులు కూడా లేవు. చొక్కా ఒక్కటే కొక్కానికి వేలాడుతోంది."

"పారిపోయాడన్నమాట!" గవర్రాజు బాగున్న చేత్తో తొడ చరుచుకున్నాడు. "చొక్కా లేకుండా ఎంతో దూరం పోయుండడు. నూకరాజూ, నువ్వు బస్టాండు వైపు వెళ్ళు. నేను స్టేషను వైపు వెళ్ళి వెతుకుతాను. ఎక్కడ దొరికినా వదలకు!"

నూకరాజు అటు పరిగెత్తాడు. గవర్రాజు, చేతికి కట్టుతో, ఒంటి మీద చొక్కా లేకుండా, ఇటు బయలుదేరాడు. యేసుపాదం తల పట్టుకున్నాడు. మంగతాయారుకి మాత్రం మొగుడి వెనకాలే ప్రాణం కొట్టుకుంది. చాప మీంచి లేచి వీధి మలుపు దాకా వెళ్ళి కేకేసింది.

"ఏవండోయ్! జాగ్రత్త! అసలే వాడు గుద్దే రకం!"