ముంగిస పిల్లకు ఏడు మార్కులు

అనగనగా, వాగు గలగలా పారే ఒక అడవిలో, తులసమ్మ అనే నీటికుక్క ఈత బడి నడిపేది. ఆ అడవిలో ఈత రాకపోతే ఆకలే గతి. నేరేడు చెట్లన్నీ వాగుకు అవతలే ఉండేవి మరి.

పరీక్ష పది మార్కులకు. అవతలి గట్టు తాకి రావాలి. ఏడు, ఆపైన మార్కులు వచ్చినవాళ్లే ఒంటరిగా వాగు దాటవచ్చు. అది తులసమ్మ పెట్టిన నియమం.

ఆ ఏడాది పరీక్ష అయింది. తులసమ్మ నల్లబండ మీద సుద్దరాయితో మార్కులు రాసింది. రాసి చేతులు దులుపుకునే లోపే కుందేలు పిల్ల తెల్లి పరుగెత్తుకొచ్చింది.

"టీచరమ్మా, నాకు ఆరే వేశారు. నేను అవతలి గట్టు తాకే వచ్చాను. అప్పుడు మీరు తాబేలు తాతతో మాట్లాడుతూ చూడలేదు."

తులసమ్మకు గుర్తొచ్చింది. నిజమే, తాత పలకరించాడు.

"ఏదీ, మళ్లీ ఈదు చూద్దాం," అంది.

తెల్లి సర్రున వెళ్లి గట్టు తాకి వచ్చింది.

"పొరపాటు నాదేనమ్మా," అని తులసమ్మ ఆరు చెరిపి ఎనిమిది రాసింది.

అంతే. అడిగితే మార్కులు పెరుగుతాయని బడంతా గుప్పుమంది.

వెంటనే ఎలుగుబంటి పిల్ల వచ్చింది. "నాకు తొమ్మిది రావాలని మా అమ్మ అంది."

"నువ్వు ఈదుతుంటే మీ అమ్మ చూసిందా?"

"లేదు. గుహలో పడుకుంది."

"అయితే నువ్వూ వెళ్లి పడుకో, నాయనా."

ఆ తర్వాత ముంగిస పిల్ల బంగారి వచ్చింది. దానికి వచ్చినవి ఐదు.

"రెండు మార్కులే కదా, టీచరమ్మా. వేసెయ్యండి."

"నడివాగులో నీకు ఊపిరి అందడం లేదు బంగారీ. పది రోజులు ఉండు, నేనే నేర్పుతాను."

మధ్యాహ్నం తులసమ్మ చేప తింటుంటే బంగారి మళ్లీ వచ్చింది. "తెల్లికి పెంచారు. నేనేం పాపం చేశాను?"

సాయంత్రం కునుకు తీస్తుంటే తోక పట్టుకుని లాగింది. "ఏడు వేసేదాకా ఇక్కడి నుంచి కదలను."

తులసమ్మకు తల వాచిపోయింది. నేర్పమంటే రోజంతా నేర్పగలదు. ఈ బేరాలే ఆమె వల్ల కాలేదు.

"ఇదిగో ఏడు. ఇక నన్ను వదులు," అని విసురుగా ఐదు చెరిపి ఏడు రాసేసింది.

మర్నాడు కొండల మీద వాన పడింది. వాగు ఎర్రగా పొంగింది. అంతలో తెల్లి రొప్పుతూ వచ్చింది. "టీచరమ్మా, బంగారి నీళ్లలో ఉంది. కొట్టుకుపోతోంది."

చూస్తే నడివాగులో చిన్న తల మునుగుతూ, తేలుతూ కనిపించింది. తులసమ్మ బాణంలా దూకింది. ఎదురుగా పెద్ద దుంగ వచ్చింది. దాని కింద నుంచి దూరి అవతల తేలింది. తోక అందుకుంది, జారిపోయింది. కాలు అందుకుంది, అదీ జారిపోయింది. మూడోసారి మెడ పట్టు దొరికింది. ఇక వదల్లేదు. ప్రవాహానికి అడ్డంగా ఈది ఈది ఒడ్డున పడింది.

బంగారి నీళ్లు కక్కింది. వణుకుతూ కళ్లు తెరిచింది.

"మీరు ఏడు వేశారు కదా, టీచరమ్మా. నాకు ఈత వచ్చేసిందనుకున్నాను."

తులసమ్మ దాన్ని దగ్గరకు తీసుకుంది. "ఆ రెండు మార్కులూ నీ ఈతకు వేసినవి కావమ్మా. నా విసుగుకు వేసినవి. తప్పు నాది."

ఆమె బండ దగ్గరికి వెళ్లి మళ్లీ ఐదు రాసింది. ఈసారి బంగారి ఎదురు చెప్పలేదు. మెల్లగా అడిగింది. "ఊపిరి ఎలా పట్టాలో చూపిస్తారా?"

వాగు తగ్గగానే ఇద్దరూ మొదలుపెట్టారు. పన్నెండో రోజున బంగారి అవతలి గట్టు తాకి తిరిగొచ్చింది. తులసమ్మ సంతోషం పట్టలేక గెంతి, బండ మీద ఎనిమిది రాసింది.

బంగారి ఆ అంకె వైపు చూసింది.

"టీచరమ్మా, చివర్లో నా కాలు వాగు అడుగున నేలకు ఆనింది. ఏడే వెయ్యండి," అంది.

నీతి: పొరపాటు జరిగితే దిద్దమని అడగాలి. రాని విద్యకు మాత్రం మార్కులు అడగకూడదు, వేయకూడదు.