మడమనక్కను పుట్టించిన సుంకన్న

పిల్లలూ, మీరు మడమనక్క పేరు విని ఉండరు. మీరు పెరుగుతున్న ఈ ఊరు చదును నేల. ఎక్కడానికి కొండ లేదు, వెనకనుంచి కేకేసి ఆపే మనిషీ లేడు. అందుకే చెబుతున్నాను. చెవులు ఇటు పెట్టండి.

పెద్దకొండకు ఇంకా మెట్లు కొట్టని కాలంలో, ఎవరి ముత్తాతకూ సరిగ్గా గుర్తులేని కాలంలో, సుంకన్న అనే మనిషి ఉండేవాడు. పొలం లేదు, పశువు లేదు. ఒక కావడి, దానికి రెండు కుండలు, అంతే. ఎండలు ముదిరే వేళకు జనం మొక్కు తీర్చుకోవడానికి పెద్దకొండ శివుడి దగ్గరికి నడిచిపోయేవాళ్లు. దారిలో చెలమ లేదు, వాగు లేదు. వాళ్లకు నీళ్లు మోసేవాడు సుంకన్న. కావడి ఊగేది, కుండలు తొణికేవి, సుంకన్న అందరికన్నా వెనక నడిచేవాడు.

ఆ నడకకు ఒక కట్టు ఉండేది. దారిలో ఎవరూ "అలిసిపోయాను" అనకూడదు. ఒక్కరు ఆ మాట అన్నా గుంపు మొత్తానికీ మొక్కు చెడుతుంది. పాము అడ్డమొస్తే ఆగొచ్చు. పులి అరిస్తే ఆగొచ్చు. ప్రాణభయానికి ఆగితే శివుడు తప్పు పట్టడు. అలుపుకు ఆగితే తప్పు పడతాడు.

ఒక ఏడు చెన్నమ్మ అనే ఆమె ఆ మాట అనలేక నడిచీ నడిచీ బోడిబండ దగ్గర కూలిపోయింది. వెనక ఉన్నది సుంకన్నే. నోట్లో నీళ్లు పోశాడు. నీళ్లు పెదవుల పక్కనుంచి కారిపోయాయి. చెన్నమ్మ మళ్లీ లేవలేదు.

మరుసటి ఏడు గుంపు మళ్లీ కదిలింది. అందరికీ ముందు గురువమ్మ. ఆమె చెన్నమ్మకు అక్క. నిప్పులాంటి మనిషి, నవ్వులాటకైనా అబద్ధం ఆడి ఎరగదు. ఆమె వెనక చెన్నమ్మ కూతురు సాలమ్మ. తల్లి మొక్కు సగంలో ఆగిపోయింది కదా, దాన్ని తీర్చడానికి వచ్చింది. కావడి ఊగుతోంది, కుండలు తొణుకుతున్నాయి, సుంకన్న అందరికన్నా వెనక నడుస్తున్నాడు.

పొద్దెక్కేసరికి సాలమ్మ అడుగు తడబడింది. ఒక్కరొక్కరే ఆమెను దాటిపోయారు. పెదవులు పొడిబారాయి. అచ్చం తల్లి నడకే. వెనకనుంచి సుంకన్న చూశాడు. ఆగమంటే ఎవరాగుతారు? నీళ్లు మోసేవాడి మాట ఎవరికి పట్టింది? భయపెడితే ఆగుతారేమో అనుకున్నాడు.

"ఓయ్! పైన కొమ్మెలుగు!" అని అరిచాడు.

"అదేంది మామా?" అన్నాడు ఓబులేసు అనే పడుచువాడు.

"కొమ్మకు తలకిందులుగా వేలాడే ఎలుగుబంటి. కింద తలకాయ కనబడితే దూకుతుంది."

జనం మూటలు నెత్తిన పెట్టుకుని చెట్ల కిందనుంచి పరుగో పరుగు. సాలమ్మా పరుగెత్తింది. సుంకన్న నెత్తి కొట్టుకున్నాడు.

కొంత దూరం పోయాక మళ్లీ అరిచాడు. "ఓయ్! పొదలో చెవిపంది!"

"అదేం చేస్తుంది మామా?"

"దానికి కళ్లుండవు, ఒళ్లంతా చెవులే. మనిషి ఊపిరి వినబడితే వచ్చి కుమ్ముతుంది."

"అయితే ఊపిరి బిగబట్టి పోదాం పదండి!" అన్నాడు ఓబులేసు. అందరూ ముక్కులు మూసుకుని నడిచారు. సాలమ్మా మూసుకుంది. ఆమె ముఖం నల్లబడింది. సుంకన్న తన నాలుకను తానే తిట్టుకున్నాడు.

బోడిబండ వచ్చింది. సాలమ్మ ఒక పక్కకు ఒరుగుతోంది. ఈసారి సుంకన్న గొంతు చించుకుని అరిచాడు.

"మడమనక్క! మడమనక్క!"

"అదెట్లా ఉంటుంది మామా?"

"ఎవరు చూశారు నాయనా? వెనకనుంచి వస్తుంది, కదిలే మడమను కొరుకుతుంది. కాళ్లు మడిచి కింద పెట్టుకుని కూర్చోండి. మడమ కనబడకపోతే దాని దారిన అది పోతుంది."

దబదబా అందరూ కూలబడ్డారు.

"ఎంతసేపు కూర్చోవాలి?"

"దానికి విసుగు పుట్టేదాకా."

"పుట్టిందని మనకెట్లా తెలుస్తుంది?"

"నీకు పుడితే దానికీ పుట్టినట్టే."

జనం నవ్వారు. గురువమ్మ మాత్రం కూర్చోకుండా వెనక్కి, సాలమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది. పెద్దమ్మ నిలబడితే సాలమ్మ ఎట్లా కూర్చుంటుంది? తూలుతూ తానూ నిలబడింది.

"సుంకన్నా, శివుడి దారిలో ఉన్నావు. నిజం చెప్పు. నక్క ఉందా?" అని అడిగింది గురువమ్మ.

సుంకన్న కావడి దించాడు. అవునంటే ఆమె నమ్మదు. కాదంటే అందరూ లేస్తారు, సాలమ్మ కూలుతుంది.

"గురువమ్మక్కా," అన్నాడు మెల్లగా, "పోయినేడు ఇక్కడే కదా మన చెన్నమ్మ పడిపోయింది."

గురువమ్మ బండ వైపు చూసింది. సాలమ్మ ముఖం చూసింది. ఉన్నట్టుండి, "ఓయమ్మో! కరిచిందే!" అని కాలు పట్టుకుని కూలబడింది. రెండో చేత్తో సాలమ్మను లాగి ఒళ్లో వేసుకుంది.

"ఏ మడమ పెద్దమ్మా?" అన్నాడు ఓబులేసు.

"రెండూ రా!"

కొండంతా మోగేలా నవ్వారు. ఆ నవ్వులో సుంకన్న సాలమ్మ చేత గుక్కగుక్కగా నీళ్లు తాగించాడు. ఈసారి నీళ్లు లోపలికి పోయాయి. ఎండ వాలాక లేచి నడిచారు. శివుడి ముందు గురువమ్మ ఏం చెప్పుకుందో ఎవరికీ తెలియదు గానీ, లెంపలేసుకుంటూ నవ్విందని చెబుతారు.

సాలమ్మ పిల్లాపాపలతో ముసలిదయ్యేదాకా బతికింది. సుంకన్న కాలం తీరి పోయాడు. అతనికి సమాధి కట్టినవాళ్లు లేరు, రాయి నాటినవాళ్లు లేరు. అయినా ఆ దారిన నడిచేవాళ్లలో ఎవరికి కాళ్లు లాగినా ఈనాటికీ "మడమనక్క!" అని అరుస్తారు. అందరూ కాళ్లు మడిచి కూర్చుంటారు. చూశావా అని ఎవరూ అడగరు. "ఏ మడమ?" అని ఒకరంటారు, "రెండూ!" అని అందరూ అంటారు. సుంకన్న పేరు చెప్పి ఒక దోసెడు నీళ్లు నేలమీద పోసి, అప్పుడు తాగుతారు.

పిల్లలూ, అబద్ధం ఆడొద్దని మీకు రోజూ చెబుతాను. ఇప్పుడూ అదే చెబుతున్నాను. అయినా ఈ ఒక్క నక్కను మీ పిల్లలకూ ఇవ్వండి. దాని రంగు, దాని తోక, మీ ఇష్టం వచ్చినట్టు చెప్పుకోండి. అరిచే ముందు మాత్రం, గుంపులో అందరికన్నా వెనకబడినవాళ్ల ముఖం ఒకసారి చూడమని మరిచిపోకుండా చెప్పండి.