శైలవతి అడిగిన మూలుగు

పూర్వం, కృతయుగపు చివరి రోజుల్లో, హిమవత్పర్వతం మీద శ్వేతకంఠమనే కనుమను శీతకాలంలో దాటదలచినవారు చేయవలసిన పనులు ఇవి: ముందుగా మంచులో నడుంలోతు గొయ్యి తవ్వాలి, గోడలోని పొరలను చేత్తో తడిమి చూడాలి, గట్టి పొర కింద ఇసుకలా రాలే పొర తగిలితే వెనుదిరగాలి, తప్పనిసరైతే ఎండ పడకముందే బయలుదేరాలి, ఒకరు అవతలి గట్టు చేరాకే మరొకరు అడుగు పెట్టాలి.

ఈ నియమాలు ఏర్పరచినవాడు కనుమ ముఖాన ఆశ్రమం కట్టుకున్న తపోధనుడు, అతిథిపూజా ధురంధరుడు తుహినముని. గొయ్యి తవ్వి పొరలు చూసేది మాత్రం ఆయన ధర్మపత్ని శైలవతి. ఇరవై శీతకాలాలుగా ఆ దంపతులు ఒక్క ప్రాణమూ పోకుండా బాటసారులను దాటించారు.

ఒక ఏడు, మూడు రోజులు ఎడతెగక మంచు కురిసి వెలిసిన వేకువన, పితృభక్తి పరాయణుడైన సుకేతన మహారాజు, తండ్రి అస్థికలను కనుమ అవతలి నదిలో కలపడానికై ఛత్రచామరాలను దిగువనే విడిచి, కలశాన్ని భుజాన ఎత్తుకొని ఒంటరిగా ఆశ్రమానికి వచ్చాడు. గంజి తాగించి వెళ్ళిన శైలవతి కాసేపటికి మంచు దులుపుకుంటూ గోతిలోంచి పైకి రావడం చూసి, "గంజి పోసిన చేత్తోనే పలుగు కూడానా తల్లీ?" అని నవ్వాడు.

"నవ్వులకేం గానీ నాయనా, కింది పొర ఇసుకలా రాలుతోంది. నాలుగు రోజులు ఆగు."

"గడువు ఇవాళ్టితో సరి. మా నాన్నగారు ఇంకా నా భుజం మీదే ఉన్నారమ్మా."

శైలవతి పలుగు కింద పెట్టింది. "అయితే ఇప్పుడే వెళ్ళు. ఒక్కడివే వెళ్ళు" అంది.

తుహినముని కర్ర అందుకొని లేచాడు.

"మీరెక్కడికి స్వామీ?"

"తండ్రిని మోసుకెళ్తున్నవాణ్ణి గుమ్మంలోంచే పొమ్మంటానా? పొలిమేర రాయి దాకా సాగనంపి వస్తాను."

"ఒక్కొక్కరే అన్న నియమం మీరు పెట్టిందే."

"పెట్టినవాణ్ణి నేనేగా, నాలుగడుగులు నాకు నేనే మన్నించుకుంటాలే" అని నవ్వుతూ రాజు పక్కన నడిచాడు.

పొలిమేర రాయి చేరకముందే వాలు మొత్తం గుడ్డ చిరిగినట్టు అడ్డంగా చీలి, కొండచరియంత మంచు కదిలి, పొగలు కక్కుతూ లోయలోకి దూకింది. రాజును కలశంతో సహా అంచుకు విసిరేసింది. మునిని మింగేసింది.

రాజూ శైలవతీ గోళ్ళు ఊడేలా తవ్వారు. ముందు దర్భ ఉంగరం ఉన్న వేలు కనిపించింది. అది చల్లగా ఉంది.

ఆమె ఆ చేతిని ఒడిలో పెట్టుకొని కొండను నిలదీసింది. గిరిరాజైన హిమవంతుడు తెల్లని గడ్డంతో ఎదుట నిలిచి, "సాధ్వీ, వరం కోరుకో" అన్నాడు.

"నా మనిషిని నాకియ్యి."

"అమ్మా, నేను కొండను. బరువు మోయగలను, పోయిన ఊపిరి తేలేను."

"ఇరవై ఏళ్ళు నీ ఒళ్ళు తడిమి చూశాను. జారేముందు ఒక్క మాట చెప్పలేకపోయావా?"

హిమవంతుడు తలవంచాడు.

"అయితే నేను కోరే వరం ఇదే: ఇకమీదట మనిషి అడుగు పడి లోపలి పొర కుంగితే నువ్వు మూలుగు. విన్నవాడు వెనక్కి వస్తాడు."

"తథాస్తు. కానీ ప్రతిసారీ నాకు గొంతు రాకపోవచ్చు తల్లీ. నువ్వు గొయ్యి మానకు."

మంచు కరిగాక సుకేతనుడు ఒంటరిగా కనుమ దాటాడు, ఈసారి భుజాల మీద రెండు కలశాలతో. నాటినుంచి శ్వేతకంఠంలో అతిథులను గుమ్మంలోంచే సాగనంపుతారు; ఎవరూ నొచ్చుకోరు. శైలవతి బతికినన్నాళ్ళూ గొయ్యి తవ్వుతూనే ఉంది.

చదివిన పుణ్యాత్ములారా, మంచు మీద మీ కాలి కింద మూలుగు వినిపిస్తే వెనక్కి తిరగండి. ఇల్లు చేరాక, తన ఇంటికి ఎవరూ తిరిగిరాని ఆ తల్లి శైలవతిని ఒక్కసారి తలచుకోండి.