రెండు కామాలు, ఒక పడవ

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక తాసీల్దారు కచేరీ. ఆ కచేరీలో కిటికీ పక్కన ఒక టైపు మిషను. దాని ముందు కూర్చునే అమ్మాయి పేరు ఎస్తేరు.

ఎస్తేరు చర్చి వాళ్ళ బళ్ళో చదువుకుంది. ఇంగ్లీషు బాగా వచ్చు. ఆమె టైపు కొడుతుంటే రేకుల మీద వడగళ్ళు పడుతున్నట్టుండేది. చుట్టుపక్కల నాలుగు కచేరీల్లో అంత వేగంగా కొట్టేవాళ్ళు లేరు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అక్కడే వచ్చింది చిక్కు.

కామా వచ్చినా, ప్రశ్న గుర్తు వచ్చినా ఆమె చెయ్యి ఆగేది కాదు. "అక్షరాలు సరిగ్గా ఉంటే చాలదూ? ఈ ఈగ రెట్టలు ఎవరు చూస్తారు?" అనుకునేది.

మన తెలుగుందనుకో తల్లీ, 'వచ్చాడు, తిన్నాడు' అనగానే వాక్యం తనంతట తనే ఆగిపోతుంది. 'వచ్చాడా' అంటే అడుగుతున్నామని చిన్నపిల్లకి కూడా తెలుస్తుంది. ఇంగ్లీషుకి ఆ వీలు తక్కువ. ఎక్కడ ఆగాలో, ఎక్కడ అడగాలో చాలాచోట్ల ఆ చిన్న గుర్తులే చెప్పాలి.

ఒకసారి ఏమైందంటే, ఊరి బంగళాలో దీపం పగిలిపోయింది. "ల్యాంపు, ఆయిలు పంపండి" అని తాసీల్దారు రంగనాయకులు గారు రాసిచ్చారు. ఎస్తేరు కామా వదిలేసింది. అది కాస్తా "ల్యాంపు ఆయిలు పంపండి" అయింది. అప్పుడు డబ్బా నిండా నూనె వచ్చింది. దీపం రాలేదు. కచేరీ అంతా నవ్వింది. ఎస్తేరూ నవ్వింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి బడి సంగతి వచ్చింది. పక్క ఊరి బడి కప్పు కారుతోందని తాసీల్దారు గారికి తెలిసింది. "స్కూల్ రూఫ్ రిపేర్డ్?" అని ఇంజనీరుకి ఒక ముక్క రాశారు. బాగుచేశారా అని అడిగారన్నమాట. ఎస్తేరు ప్రశ్న గుర్తు బదులు చుక్క పెట్టేసింది. అడిగిన మాట చెప్పిన మాటయింది. ఇంజనీరు చదివి, "ఓహో, బాగుచేసేశారు కాబోలు" అని కాగితం బీరువాలో పెట్టేశాడు.

అప్పుడు వానలు పట్టుకున్నాయి. పిల్లలు పలకలు నెత్తిన బోర్లించుకుని పాఠం విన్నారు. ఒక పిల్లకి జ్వరం కూడా వచ్చింది. ఈసారి ఎస్తేరు నవ్వలేదు. మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంది. అయినా, "ఆ ఇంజనీరు కాస్త బుర్ర పెట్టి చదవొద్దూ?" అని తనకి తనే సర్దిచెప్పుకుంది. తప్పు ఎవరిదో ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆ తర్వాత కార్తీకంలో పెద్ద తుఫాను వచ్చింది. ఊరి చివర జాలరుల పాలెం ఉంది. వేటకి వెళ్ళిన మగవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. ఇళ్ళు కొట్టుకుపోయాయి. పడవలు ముక్కలైపోయాయి. రంగనాయకులు గారు మోకాలి లోతు నీళ్ళలో నడిచి వెళ్ళి చూశారు. తిరిగొచ్చి, భోజనం కూడా చెయ్యకుండా ఉత్తర్వు రాశారు. "ద విమెన్, హూ హ్యావ్ నో బోట్స్, షల్ గెట్ హౌసెస్" అని. ఈ ఆడవాళ్ళకి ఇళ్ళివ్వాలి, పాపం వీళ్ళకి పడవలు కూడా లేవు అని ఆయన ఉద్దేశం.

ఎస్తేరు చకచకా కొట్టేసింది. మధ్యలో ఉన్న రెండు కామాలూ ఎగిరిపోయాయి.

ఏం మారిందంటావా? చెబుతా విను. "జాంకాయలు కోసుకో, అన్నీ పండే ఉన్నాయి" అన్నాననుకో, చెట్టంతా నీదే. "పండిన జాంకాయలే కోసుకో" అన్నాననుకో, ఒక్కొక్క కాయా నొక్కి చూడాలి. అలాగే ఆ రెండు కామాలుంటే పాలెంలో ఆడవాళ్ళందరికీ ఇళ్ళు. అవి లేకపోతే, పడవ లేని ఆడవాళ్ళకి మాత్రమే ఇళ్ళు.

ఆ పాలెంలో నూకాలమ్మ అని ఒక ముసలామె ఉంది. ఆమె పెనిమిటి తుఫానులో పోయాడు. మనిషి రాలేదు గానీ, మూడో రోజున అతని పడవ ఒక్కటే ఒడ్డుకి వచ్చింది. అడుగు చీలిపోయింది. ఇక నీళ్ళలోకి దిగేది కాదు. నూకాలమ్మ దాన్ని బోర్లించి, దాని కిందే పడుకునేది. పొద్దున్నే లేచి పైనున్న ఇసక చేత్తో తుడిచేది.

ఇళ్ళు పంచే గుమాస్తా వచ్చాడు. కాగితం చదివాడు. పడవ వంక చూశాడు. "నీకు పడవుందిగా. నీకు ఇల్లు రాదు," అని పేరు కొట్టేసి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా, ఒక మధ్యాహ్నం నూకాలమ్మ కచేరీకి వచ్చింది. చంకలో ఒక పొడుగాటి చెక్క ఉంది. తిన్నగా ఎస్తేరు బల్ల దగ్గరికి వచ్చి, ఆ చెక్క బల్ల మీద పెట్టింది.

"టైపమ్మ గోరూ, నాకు పడవ నేదని ఓ కాయితం కొట్టియ్యమ్మా," అంది.

"ఇదేంటి మామ్మా?" అంది ఎస్తేరు.

"మా పడవ సెక్కే. పడవున్నోళ్ళకి ఇల్లు రాదంట గదా. మూడు సెక్కలు ఊడదీసేను. మిగతాది రేపు గొడ్డలెట్టి కొట్టించేత్తాను. నమ్మరేమోనని సాచ్చికం తెచ్చేను."

ఏడవలేదు నూకాలమ్మ. ఆ చెక్క మీద చెయ్యి వేసి, అలాగే నిలబడింది.

ఎస్తేరుకి ఏమీ అర్థం కాలేదు. పడవలున్నవాళ్ళకి ఇవ్వొద్దని ఎవరన్నారు? ఫైలు తీసింది. తాసీల్దారు గారు చేత్తో రాసిన కాగితం ఒక పక్క, తను కొట్టిన కాగితం ఇంకో పక్క పెట్టింది. ఒక్కొక్క మాట మీదా వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. మాటలన్నీ ఉన్నాయి. రెండు కామాలే లేవు.

 బడి కప్పు గుర్తొచ్చింది. జ్వరం వచ్చిన పిల్ల గుర్తొచ్చింది.

"మామ్మా, నువ్వు పాలేనికి వెళ్ళు. గొడ్డలి మాత్రం ముట్టకు. నీ పడవ తప్పేమీ లేదు, తప్పు నాది," అంది.

పక్క బల్ల దగ్గర హెడ్డు గుమాస్తా కామేశం గారు ఉన్నారు. ఆయన మంచివాడే. ఎస్తేరు తన కూతురి వయసుదని ఆయనకి అభిమానం. నెమ్మదిగా వచ్చి, "అమ్మాయ్, వచ్చే నెల నీ ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. ఇప్పుడు ఈ గొడవ దేనికి? కలంతో రెండు కామాలు పెట్టెయ్. ఇళ్ళు పంచే గుమాస్తాయే సరిగ్గా చూసుకోలేదని నేను చెబుతాలే," అన్నారు.

ఎస్తేరు కలం తీసింది. కాగితం మీదకి వంచింది. అక్కడే ఆగింది.

"అప్పుడు నా తప్పు ఆ గుమాస్తా మీద పడుతుంది కదండీ," అంది. కలం మూసేసి, రెండు కాగితాలూ పట్టుకుని తాసీల్దారు గారి గదిలోకి వెళ్ళింది.

రంగనాయకులు గారు రెండూ చదివారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇలా ఇదివరకు కూడా వదిలేశావా?" అని అడిగారు.

అబద్ధమాడితే సరిపోయేది. కానీ ఎస్తేరు బడి సంగతి కూడా చెప్పేసింది. 

ఆయన కేకలు వెయ్యలేదు. "నేను రాసింది ఎంత మంచి ఉత్తర్వయినా, అది ఆ పాలేనికి చేరేది నీ చేతుల మీదుగానమ్మా," అన్నారు. అంతే అన్నారు. ఎస్తేరుకి కేకలే నయమనిపించింది.

ఆ తర్వాత కొత్త ఉత్తర్వు ఆమే కొట్టింది. పొరపాటు తనదేనని కింద తన పేరు కూడా కొట్టింది. ఇంజనీరుకి బడి గురించి మళ్ళీ రాశారు. ఈసారి ప్రశ్న గుర్తు ఉంది. నూకాలమ్మకి ఇల్లొచ్చింది. బడికి కప్పొచ్చింది. ఎస్తేరు ఉద్యోగం పర్మనెంటు కావడం మాత్రం ఏడాది వెనక్కి పోయింది. ఆ ఉత్తరం వచ్చిన రోజు ఇంటికి వెళ్ళి ఏడ్చింది. ఏడుపు రాదేమిటి మరి!

ఊడదీసిన మూడు చెక్కలూ మళ్ళీ పడవకి అతకలేదు. వడ్రంగిని తీసుకెళ్ళింది ఎస్తేరు. అతను చూసి, తల అడ్డంగా ఊపాడు.

ఒక ఆదివారం ఎస్తేరు పాలెం వెళ్ళింది. నూకాలమ్మ కొత్త ఇంటి ముందు కూర్చుని వల బాగుచేస్తోంది. ఎస్తేరు ఆమె పక్కనే ఇసకలో చతికిలబడి, తను వదిలేసిన రెండు గుర్తుల సంగతి చెప్పింది.

"ఏటమ్మా, ఆటి కోసం గదా ఇంత రభస. ఆ గురుతులు ఎలాగుంటాయో నాకూ సూపించు," అంది నూకాలమ్మ.

ఎస్తేరు వేలితో ఇసకలో రెండు కామాలు గీసింది. నూకాలమ్మ వంగి, అటూ ఇటూ తల తిప్పి చూసింది.

"ఓస్, గాలాల్లాగున్నాయే!" అంది. "ఇంతింతేనా అని తీసిపారేత్తే ఎలాగమ్మా? గాలం నేకపోతే తాడెంత పొడుగుంటే ఏటి, సేప నిలుత్తాదేటి?"

  వెళ్ళేటప్పుడు ఎస్తేరు, ఇసకలో ఆ రెండు గుర్తుల మీద కాలు పడకుండా పక్కనించి నడిచి వెళ్ళింది.

కామా దగ్గర కాస్త ఆగి,
చుక్క దగ్గర చక్కగా ఆగి,
కథేమో వెళ్ళింది కంచికి,
నీ కళ్ళేమో వాలాలి కునుక్కి.