తాతమ్మ చెప్పిన ధర

అనగా అనగా, మా ముత్తవ్వకి ముత్తవ్వ ఉయ్యాల్లో ఉన్నప్పటి మాట. ఊ కొడుతూ వినండి. మధ్యలో నిద్రపోతే మళ్ళీ మొదటికి రాను.

కాలవ ఒడ్డున ఒక ఊళ్ళో నూకయ్య అనే ఆటగాడు ఉండేవాడు. పెదవి కదపకుండా బొమ్మ చేత మాట్లాడించడం అతని విద్య. ఆ బొమ్మ ఒక ముసలమ్మ. బోసినోరు, ముగ్గుబుట్ట తల. పేరు తాతమ్మ. దాన్ని చేయించడానికి నూకయ్య భార్య పోలమ్మ తన కాలి కడియాలు అమ్మింది.

నూకయ్య రోజూ తెల్లవారగానే కాలవగట్టున కూర్చునేవాడు. పెదవుల మధ్య తమలపాకు పట్టుకుని గొంతులోంచి తాతమ్మ మాటలు పలికించేవాడు. మొదటి ఏడు ఆకు జారిపోయింది. రెండో ఏడు ఆకు వణికింది. మూడో ఏడు ఆకు కదలకుండా నిలిచింది. అవతలి గట్టున బట్టలుతికేవాళ్ళు "ఎవరే ఆ ముసలమ్మ?" అని వెతుక్కున్నారు.

విద్య వచ్చింది. అడగడం రాలేదు. నూకయ్య మహా మొహమాటస్తుడు.

మొదటి ఊళ్ళో ఆడాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "ఎంత ఇమ్మంటావయ్యా?" అన్నారు. "మీ ఇష్టమండి" అన్నాడు. ఒక సొరకాయ ఇచ్చారు.

రెండో ఊళ్ళో ఆడాడు. "ఎంత ఇమ్మంటావయ్యా?" "మీ ఇష్టమండి." ఒక పాత కండువా ఇచ్చారు.

మూడో ఊళ్ళోనూ అదే మాట అన్నాడు. వాళ్ళు గట్టిగా చప్పట్లు కొట్టి పంపేశారు. ఇక్కడికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండుతుంది. ఇష్టం వాళ్ళది, ఆకలి ఇతనిది.

పోలమ్మ పొయ్యి ముందు కూర్చుని చెప్పింది. "నీ విద్యని నేనేమీ అననయ్యా. వానలు ముంచుకొస్తున్నాయి. ఇంట్లో గింజ లేదు. రేపు కామందుగారింట పెళ్ళికి ఆట ఆడమన్నారు. అక్కడా మీ ఇష్టమండి అని వచ్చావంటే, తాతమ్మని ఈ పొయ్యిలో పెడతాను."

అని తనే ఏడ్చింది. నూకయ్య బొమ్మని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మర్నాడు కామందు అరుగు మీద కూర్చుని, ఆట మొదలు కాకముందే అడిగాడు. "ఎంత ఇమ్మంటావురా నూకయ్యా?"

నూకయ్య నోట్లోకి పాత మాటే వచ్చేసింది. గబుక్కున నడుముకి దోపుకున్న తమలపాకు తీసి పెదవుల మధ్య పెట్టుకున్నాడు. తన నోరు మూసుకోవడానికే పెట్టుకున్నాడు. కానీ ఆకు పెట్టాక పలికేది తాతమ్మ కదా, మూడేళ్ళ అలవాటు. పలికింది.

"మూడు బస్తాల వడ్లు, బాబూ."

నూకయ్యే అదిరిపడ్డాడు. ఆకు మాత్రం కదల్లేదు.

కామందు నవ్వాడు. "ఒక బస్తా చాల్లే ముసలమ్మా."

"ఒక బస్తాకి కళ్ళు తిప్పుతాను. మాట్లాడను."

"పోనీ, రెండు."

"రెండు బస్తాలకి మా ఇద్దరిలో ఒకరమే మాట్లాడతాం. వీడు మాట్లాడతాడు. వీడికొచ్చింది మీ ఇష్టమండి, అదొక్కటే. పెళ్ళివారు పొద్దుగూకేదాకా అదే వింటారు మరి."

అరుగంతా నవ్వులే. కామందు కళ్ళు తుడుచుకుని, "మూడూ ఇస్తాను, ఆ ఆకు తియ్యరా" అన్నాడు. నూకయ్య ఆకు తీశాడు.

ఆ తరవాత ఏ ఊరు వెళ్ళినా ధర తాతమ్మే చెప్పింది. పోలమ్మ కాళ్ళకి కడియాలు మళ్ళీ వచ్చాయి. నూకయ్య ముసలివాడయ్యాడు. ఒక మధ్యాహ్నం చేతిలో ఆకు ఉండగానే కన్నుమూశాడు. పోలమ్మ బొమ్మని తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టింది. ఇక పలకదని ఆమెకి తెలుసు.

ఒకరోజు కుమ్మరి గవరయ్య పెళ్ళి కుండలకి బేరం కుదుర్చుకోవాల్సి వచ్చింది. అతనూ మొహమాటస్తుడే. వచ్చి తాతమ్మ పక్కన కూర్చుని పెదవుల మధ్య ఆకు పెట్టుకున్నాడు. గొంతు మార్చే విద్య అతనికి రాదు. ఊరికే కూర్చున్నాడు. పెళ్ళివారు ఒక ధర అన్నారు. ఆకు కదల్లేదు. కొంచెం పెంచారు. ఆకు కదల్లేదు. మూడోసారి న్యాయమైన ధర అన్నారు. గవరయ్య ఆకు తీశాడు.

అప్పటినుంచి ఆ కాలవ వెంబడి ఊళ్ళలో పనివాళ్ళు ఆకు పట్టుకునే బేరానికి కూర్చుంటారు. ఆకు తీసేదాకా ఇచ్చేవాళ్ళు ధర పెంచాల్సిందే. ఎవరైనా నోరుజారి "మీ ఇష్టమండి" అంటే, పక్కవాళ్ళు "ష్, తాతమ్మ వింటోంది" అంటారు.

రంగు పోయి, ఒక చెవి విరిగి, ఆ బొమ్మ ఇంకా ఉందట. నూకయ్య పోయాక అది ఒక్కసారీ పలకలేదు. దాని ముందు కూర్చుని తక్కువకి ఒప్పుకున్నవాడూ లేడు.