చిలకకి చెప్పిన చిలక కథ

అనగా అనగా కుందనగిరి అని ఒక ఊరు, ఆ ఊరికి మణిమంతుడని ఒక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు అరిందముడు, నడిపివాడు పురందరుడు, కడగొట్టువాడు కువలయుడు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ఎవరి పిల్లలకైనా అయిదేళ్ళు నిండాయంటే, వాళ్ళ పేరే పెట్టి, వాళ్ళనే వీరుల్ని చేసి, తాటాకుల మీద ఒక కథల పుస్తకం రాయించి చేతిలో పెట్టాలి. ఆ పుస్తకాలు చేసేది గంటం సూరమ్మ. ఆవిడకి వచ్చిన అక్షరాలు తక్కువ, గీసే బొమ్మలు ఎక్కువ. పని మాత్రం నిక్కచ్చి. ముందు మూడు రోజులు ఆ ఇంట్లో కూర్చునేది. ఒకరోజు బిడ్డ తిండి చూసేది, ఒకరోజు ఆట చూసేది, ఒకరోజు ఏడుపు చూసేది. ఆ తరవాతే ఆకు మీద గీసే ఇనప గంటం చేతబట్టేది.

పెద్దవాడి పుస్తకంలో సూరమ్మ ఇలా రాసింది: "అరిందముడికి నీళ్ళంటే భయం. అందుకని గట్టి ఓడ చూసుకుని సముద్రం దాటాడు."

రాజు భగ్గుమన్నాడు. "నా కొడుక్కి భయమా! చెరిపెయ్!"

"చూసింది రాశాను మహారాజా. చూడనిది రాయడం నాకు రాదు."

"అయితే నా గడప తొక్కకు!"

"తమరే వచ్చి పిలిస్తే తప్ప తొక్కను," అని సూరమ్మ గంటం బొడ్లో దోపుకుని వెళ్ళిపోయింది. ఆ మాట ఆవిడ మరిచిపోలేదు. మరిచిపోయే మనిషీ కాదు.

ఆ మర్నాడే జటాళుడనే మాంత్రికుడు బంగారు రేకుల పుస్తకాల మూట మోసుకొచ్చాడు. అన్నిటిలోనూ ఒకటే కథ. వీరుడి పేరు ఉండవలసిన చోట మాత్రం ఖాళీ. "పేరు చెప్పండి, రెప్పపాటులో మీవాడే వీరుడు," అన్నాడు. రాజుకి ముచ్చటేసింది. పెద్దవాడికొకటి తీసుకున్నాడు. నడిపివాడికొకటి తీసుకున్నాడు. ఆ కథలో వీరుడు సముద్రపు ఒడ్డుకి వెళతాడు, తనంతట తనే నడిచే పడవ ఎక్కుతాడు, ఏడు సముద్రాలు దాటుతాడు, దీవిలో ముని ఇచ్చిన పాలు గటగటా తాగుతాడు, రాకుమార్తెను గెలుస్తాడు.

కడగొట్టువాడికి అయిదేళ్ళు నిండేసరికి రాణి వాడి వేలు పట్టుకుని సూరమ్మ ఇంటికే వెళ్ళింది.

"అత్తా, వీడేం పాపం చేశాడే?"

"వీడు చెయ్యలేదు. వీడి తండ్రి చేశాడు," అంటూనే సూరమ్మ మూడు రోజులూ వాణ్ణి చూసింది. చూసి, రాసింది: "కువలయుడు ఎవరు పాలిచ్చినా ముందు వాసన చూస్తాడు. ఒకటికి నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. అమ్మ విసుక్కుంటుంది, అయినా అడుగుతాడు." చివరి ఆకు మీద ఏమీ లేదు.

"అవ్వా, నేను గెలిచింది రాయలేదేం?"

"నువ్వు గెలిస్తే కదరా! గెలిచి రా, రాస్తాను."

పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. పెద్దవాడు పుస్తకంలో లాగే రాకుమార్తెను గెలుస్తానని బయల్దేరాడు. ఏడాది అయింది, తిరిగి రాలేదు. నడిపివాడు బయల్దేరాడు. ఇంకో ఏడాది అయింది, వాడూ రాలేదు. రాణి మంచం పట్టింది. అప్పుడు కువలయుడు లేచి, "అన్నల్ని తీసుకొస్తాను," అని బయల్దేరాడు.

ఒడ్డున పడవ ఉంది. కువలయుడు ఎక్కలేదు. "నువ్వెవరి పడవవి? నిన్నెవరు పంపారు?" అని అడిగాడు. పడవ పలకలేదు. ఇసకలో ఉన్న ముసలి తాబేలు కిసుక్కుమంది.

"ఇన్నేళ్ళలో ఆ మాట అడిగిన మొనగాడివి నువ్వే నాయనా. అది జటాళుడి పడవ. దానిమీద పోయినవాళ్ళు తిరిగిరారు. నా వీపెక్కు."

తాబేలు ఏడు సముద్రాలూ ఈదింది. దీవి నిండా రాతిబొమ్మలు. ప్రతి బొమ్మ చేతిలోనూ ఒక పాలగిన్నె. ఆ బొమ్మల్లో అరిందముడున్నాడు, పురందరుడున్నాడు. కువలయుడు అన్నల దగ్గరికి పరుగెత్తాడు. ఇంతలో ముని వేషంలో జటాళుడు పాలగిన్నె పట్టుకుని ఎదురొచ్చాడు.

కువలయుడు వాసన చూశాడు. "స్వామీ, దీవిలో గడ్డిపరకైనా లేదు. ఇవి ఏ ఆవు పాలు?"

జటాళుడు మాట మార్చాడు. "నువ్వు పుస్తకం చదవలేదా?"

"చదివాను. నాది వేరే పుస్తకం."

"అయితే ఉండు. ఈ దీవిలో చుక్క నీరు లేదు. మూడోనాటి సాయంత్రానికి నువ్వే అడిగి తాగుతావు," అని నవ్వి వెళ్ళిపోయాడు. రోజూ పొద్దున్నే పుస్తకాలమూట ఎత్తుకుని దేశాల మీద పడడం, సాయంత్రానికి రావడం వాడి వాడుక.

ఆ దీవిలో సుగంధి అనే రాకుమార్తె బందీగా ఉంది. పేరు చోటు ఖాళీ వదిలి, పుస్తకాల్లో ఆ ఒకటే కథ రాసే పని ఆమెది. ఆమె జటాళుడు తనకి తెచ్చిచ్చే కూజాలో నీళ్ళు సగం కువలయుడికి పోసి, అసలు సంగతి చెప్పింది.

"ఒక్కొక్కరు రాయైతే వాడికి ఒక్కొక్క ఏడాది ఆయుష్షు కలుస్తుంది. వాడి ప్రాణం నల్లపూసలో ఉంది. ఆ పూస అదిగో, ఆ ఇనప స్తంభం మీది చిలక రెక్క కింద ఉంది. చిలక ఆ రెక్క ఎత్తదు. స్తంభం ఎవరికీ ఎక్కరాదు. బాణమేస్తే తగలదు."

కువలయుడు స్తంభం కింద కూర్చున్నాడు. మొదటిరోజు, "అనగనగా ఒక రాజు," అని మొదలెట్టాడు. "తెలుసు," అంది చిలక. రెండోరోజు, "అనగనగా ఒక రాకుమార్తె," అన్నాడు. "తెలుసు తెలుసు," అంది చిలక. చిలక విసుక్కుంటున్నా అతను చూపు తిప్పలేదు. తిండి చూశాడు, ఆట చూశాడు, ఏడుపూ చూశాడు. మూడోరోజు నాలుక పిడచకట్టుకుపోతుంటే, మెల్లిగా అన్నాడు:

"అనగనగా ఒక చిలక."

పైనుంచి మాట రాలేదు.

"ఆ చిలక ఎడమకాలి గోరు విరిగింది. అందుకని కుడికాలి మీద నిలబడుతుంది. జటాళుడు తెచ్చే జామపండు తింటుంది గానీ గింజలు ఊసేస్తుంది. పొద్దు వాలితే పడమటికి తిరిగి, ఎవరూ వినకుండా ఒక్కసారి కూస్తుంది. దాని గూడు అటే ఉండాలి."

చిలక మెడ వంచింది. "తరవాత?"

"అమ్మ కూడా అటే ఉండాలి."

"తరవాత? తరవాత ఏం చేసిందా చిలక?"

"నేను చూడలేదు కదా! నువ్వు చేస్తే చూసి చెబుతాను."

పొద్దు వాలింది. జటాళుడు పాలగిన్నెతో ఒడ్డు మెట్లెక్కి వస్తున్నాడు. చిలక పడమటికి చూసింది. ఏళ్ళుగా ముడిచిన రెక్క మెల్లగా విప్పింది. విప్పి, రివ్వున ఎగిరింది. నల్లపూస టప్పున రాలింది. "ముట్టుకోకు!" అని జటాళుడు అరిచేలోగా కువలయుడు రాయెత్తి పూసను పొడి చేశాడు. మాంత్రికుడు ఎక్కడివాడక్కడ బూడిదయ్యాడు.

రాతిబొమ్మలు ఒక్కొక్కటే కదిలాయి. "తమ్ముడూ, మేం గెలిచామా?" అన్నాడు పురందరుడు. "ముందు ఆ గిన్నె కింద పెట్టన్నా," అన్నాడు కువలయుడు.

తాబేలు అందరినీ సముద్రాలు దాటించింది. ఇంటికి చేరారు. కొడుకుల్ని చూసి రాణి మంచం దిగింది. సుగంధికీ కువలయుడికీ పెళ్ళన్నారు. సూరమ్మ రాలేదు. రాజు పల్లకీ పంపాడు, రాలేదు. మంత్రిని పంపాడు, రాలేదు. చివరికి తనే నడిచి వెళ్ళాడు.

"సూరమ్మా, తప్పు నాదే. వచ్చి నా కొడుకు చివరి ఆకు రాయి."

"రాస్తాను. ముందు తమరి పుస్తకం రాయాలి. మూడు రోజులు చూడాలి," అంది.

పెళ్ళి మూడు రోజులు ఆగింది. నాలుగోనాడు రాజు తన పుస్తకం విప్పాడు. మొదటి ఆకు మీద, "మణిమంతుడికి నిజం చెబితే కోపం," అని ఉంది. రాజు మీసం తడిమాడు, అటూ ఇటూ చూశాడు. "ఉన్న మాటే," అన్నాడు. అప్పుడు గాని సూరమ్మ కువలయుడి చివరి ఆకు రాసి, పెళ్ళిపందిట్లో విస్తరి ముందు కూర్చోలేదు.

తరవాత అన్నలిద్దరూ ఒప్పుకుని కువలయుడికే పట్టం కట్టారు. అతనూ సుగంధీ అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. ఏలిన కథ వాళ్ళది, విన్న పుణ్యం మీది. ఇక పడుకోండి.