మబ్బుల ఊరికి గూడు అల్లిన గిజిగాడు

పిల్లలూ, ఈ కథ మీరు ఇంతవరకు వినలేదు. అందులో మీ తప్పేమీ లేదు. మనం ఉంటున్న చోట గిజిగాడు అనే పిట్ట లేదు, ఈత చెట్టు లేదు, వానాకాలం మడుగు లేదు. చెప్పాల్సిన దాన్ని నేనే ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. మధ్యలో భయం వేస్తే ఆపమనండి. ఒక మాట మాత్రం ముందే చెబుతున్నాను, ఈ కథలో ఎవరూ చనిపోరు.

నీలిమడుగు అడవి అని ఒక అడవి ఉండేది. దాని నడుమ ఒక లోతైన మడుగు. మడుగు ఒడ్డున ఈత చెట్లు నీళ్ళ మీదికి వంగి ఉండేవి. ఆ అడవిలో కుందేళ్ళు, ఉడుతలు, ముంగిసలు, నీటికోళ్ళు ఉండేవి. మడుగులో ఒక ముసలి తాబేలు ఉండేవాడు. అందరూ అతన్ని తాబేలు తాత అనేవారు. ఈత చెట్ల మీద గిజిగాళ్ళు ఉండేవి.

గిజిగాడు పిచ్చుకంత పిట్ట. వానలు మొదలయ్యేసరికి మగపిట్ట తల పసుపురంగుకు తిరుగుతుంది. గడ్డి ఆకును ముక్కుతో చీల్చి, సన్నని పోగులు తీసి, ఈతాకు చివర వేలాడే గూడు అల్లుతుంది. ఆ గూటికి తలుపు పైన ఉండదు, కింద ఉంటుంది. అందుకే వాన లోపలికి రాదు. పాము దూరడం కూడా కష్టం. ఇది బాగా గుర్తుంచుకోండి.

ఆ పిట్టలకు ఒక పద్ధతి ఉంది. మగపిట్ట ముందు సగం గూడే అల్లుతుంది. అది బోర్లించిన కొబ్బరిచిప్పలా ఉంటుంది. కింద అడ్డంగా ఒక గట్టి పోగు, ఉయ్యాల కర్రలా. ఆడపిట్ట వచ్చి దాని మీద కూర్చుంటుంది. ఊగి చూస్తుంది. పోగులు లాగి చూస్తుంది. నచ్చితే ఉండిపోతుంది. అప్పుడు మగపిట్ట మిగతా సగం పూర్తి చేస్తుంది, ఇద్దరూ కలిసి ఆ గూటిలో కాపురం పెడతారు. నచ్చకపోతే ఎగిరిపోతుంది. బతిమాలితే లాభం లేదు.

ఆ గిజిగాళ్ళలో పైడి అనే పిట్ట ఉండేవాడు. వయసులో చిన్నవాడు, పనిలో పెద్దవాడు. అతను తీసినంత సన్నని పోగు ఆ మడుగు చుట్టుపక్కల ఎవరూ తీయలేరు. ఆ సంగతి అతనికీ తెలుసు. పక్క ఈతమట్ట మీద ఉండే పిట్ట పనిలో మొరటువాడు. గాలికి గూడు ఊగిపోకుండా తడిమట్టి తెచ్చి లోపల మెత్తేవాడు. ఎప్పుడు చూసినా ముక్కుకు మట్టే. అందుకని అతనికి మన్నుముక్కు అనే పేరు స్థిరపడింది.

సాయంత్రం ఎండ చల్లబడగానే తాబేలు తాత ఒడ్డున ఉన్న బండ ఎక్కి కథ చెప్పేవాడు. అడవి అంతా వచ్చి చుట్టూ కూర్చునేది. అతను చెప్పేది ఎప్పుడూ ఒకే ఊరి కథ. అది మబ్బుల ఊరు.

ఆ ఊళ్ళో ఆకాశం పాదాల కింద ఉంటుందట. తెల్లని మబ్బులు అడుగున మెల్లగా నడిచిపోతాయట. గూళ్ళు వేలాడవు. మొగ్గల్లా నిలబడి, నోళ్ళు పైకి తెరుచుకుని ఉంటాయి. ఆ గూళ్ళ మధ్య వెండి చేపలు ఎగురుతుంటాయి. పిట్టలకు బంగారు తలలు. అవి అరవవు. రెక్క కొడితే చప్పుడు కూడా కాదు. అక్కడ గాలి వీచదు. వాన పడదు.

తాత గొంతు తగ్గించి ఇదంతా చెబుతుంటే కుందేళ్ళు చెవులు వాల్చేసేవి. ఉడుతలు నోట్లో గింజను నమలడం మరిచిపోయేవి. కథ అయిపోగానే ఎవరి ఇంటికి వారు పోయేవారు. పైడి మాత్రం పోయేవాడు కాదు.

అతను బండ దగ్గరే ఉండి ఒకదాని తర్వాత ఒకటి అడిగేవాడు. ఆ చేపలు ఏం తింటాయి? గూళ్ళు ఎన్ని? మబ్బు మీద కాలు పెడితే చల్లగా ఉంటుందా? తాత తోచింది చెప్పేవాడు. రెండు రోజుల తర్వాత తాత ఒక చోట చేప పొరపాటున నల్లనిది అన్నాడనుకోండి, పైడి వెంటనే అందుకుని అది వెండిది అని దిద్దేవాడు. కొన్నాళ్ళకు ఆ ఊరి సంగతులు తాత కంటే పైడికే ఎక్కువ తెలిశాయి.

గడ్డి చీలుస్తున్నా, గింజలు ఏరుతున్నా అతని మనసు ఆ ఊళ్ళోనే ఉండేది. నీలిమడుగు అతనికి ఒక పొరపాటులా అనిపించేది. తను పుట్టవలసిన చోటు అది, పుట్టిన చోటు ఇది.

ఒక సాయంత్రం అతను ఆ ఊరికి దారి అడిగాడు. తాతకు అప్పటికే కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఆ ఊరి పిట్టల్లా బతికేవాళ్ళకే దారి తెలుస్తుందిరా మనవడా," అనేసి నీళ్ళలోకి జారిపోయాడు.

నిద్రమత్తులో అన్న మాట అది. పైడి దాన్ని గుండెల్లో దాచుకున్నాడు.

మర్నాటి నుంచి అతను అరవడం మానేశాడు. మబ్బుల ఊరి పిట్టలు అరవవు కదా. మన్నుముక్కు పలకరిస్తే తల మాత్రం ఊపేవాడు.

"ఏం బావా, గొంతులో గింజ అడ్డం పడిందా?" అని మన్నుముక్కు అడిగాడు. మిగతా పిట్టలు నవ్వాయి. పైడి వాళ్ళను జాలిగా చూశాడు.

అప్పటికి తొలకరి పడింది. రెల్లు ఏపుగా పెరిగింది. పిట్టలన్నీ గూళ్ళు మొదలుపెట్టాయి. ఆ నెల దాటితే ఆడపిట్టలు రావు, మళ్ళీ ఏడాది దాకా కాపురం మాట లేదు. పైడి కూడా మొదలుపెట్టాడు. రెండు ఈతాకులు కలిపి కట్టి, వాటి మీద గిన్నెలాంటి గూడు అల్లాడు. దాని నోరు పైకి ఉంది. అచ్చం మబ్బుల ఊరి గూడు. అంత అందమైన గూడు ఆ మడుగు మీద ఎన్నడూ లేదు. ఎండ పడితే ప్రతి పోగూ మెరిసేది.

ఆడపిట్టలు వచ్చాయి. పైడి గూడు చుట్టూ ఒకసారి తిరిగాయి. కూర్చోవడానికి అడ్డం పోగు లేదు. పైన కప్పు లేదు. ఒకదాని ముఖం ఒకటి చూసుకుని పక్క చెట్టుకు వెళ్ళిపోయాయి. జిలుగు అనే ఒక్క పిట్ట మాత్రం ఆగింది. జిలుగు తెలివైన పిట్ట. తొందరపడి దేన్నీ మెచ్చుకోదు, దేన్నీ తోసిపుచ్చదు. గూటి అంచు మీద వాలి, ఒక పోగును ముక్కుతో పట్టి లాగింది. అది కదలలేదు.

"ఇంత మంచి అల్లిక నేను చూడలేదు," అంది. "వాన వస్తే నీళ్ళు ఎటు పోతాయి?"

పైడి చాలా రోజుల తర్వాత నోరు విప్పాడు. "మబ్బుల ఊళ్ళో వాన పడదు."

"మనం ఉన్నది ఇక్కడ కదా."

"నువ్వున్నావు. నేను త్వరలో వెళ్ళిపోతాను."

జిలుగు నవ్వలేదు. తనకూ ఆ కథ ఇష్టమేనని చెప్పింది. వెండి చేపల గురించి విన్న రోజు తనకు గింజలు కూడా సహించలేదంది. "కానీ నేను గుడ్లు పెట్టాలి పైడీ. గుడ్లకు కథ తెలియదు. వాటికి పైన కప్పు కావాలి. ఈ గూటిని బోర్లించు. నేను ఇక్కడే ఉండిపోతాను."

పైడి కాసేపు ఆలోచించాడు. గూడు బోర్లిస్తే జిలుగు ఉంటుంది. కానీ దారి మూసుకుపోతుంది. "నీకు ఆ ఊరి సంగతి అర్థం కాదులే," అన్నాడు. "మన్నుముక్కు దగ్గరికి పో. మీకు మట్టే బాగుంటుంది."

జిలుగు పక్క మట్టకు వెళ్ళి మన్నుముక్కు అల్లిన మొరటు అడ్డం పోగు మీద కూర్చుంది. ఊగింది. లాగింది. ఉండిపోయింది.

పదిరోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి అడవి నీలంగా మారిపోయింది. కొండల వెనక నుంచి పెద్ద మబ్బు లేచి, ఈత చెట్ల తలలు తాకేంత కిందికి వచ్చింది. పిట్టలన్నీ గూళ్ళలోకి దూరాయి. పైడి తన గిన్నెలో వెల్లకిలా పడుకుని పైకి చూశాడు. అతనికి భయం వేయలేదు. మబ్బు తన కోసమే దిగుతోందనుకున్నాడు. మొదటి చినుకు రొమ్ము మీద పడితే, మబ్బుల ఊరి చెయ్యి తాకినట్టనిపించింది.

తర్వాత వాన కుండపోతగా పడింది. గూటిలో నీళ్ళు పాదాలు ముంచాయి. పొట్ట ముంచాయి. అతని అల్లిక ఎంత గట్టిదంటే ఒక్క చుక్క కూడా కిందికి కారలేదు. పైడికి అప్పుడు మెలకువ వచ్చినట్టయింది. ఎగరబోతే తడిసిన రెక్కలు లేవలేదు. ఆ బరువుకు ఈతాకులు రెండూ వంగి, విడిపోయాయి. గూడు, నీళ్ళు, పైడి అన్నీ కలిసి మడుగులో పడ్డాయి.

నీళ్ళ లోపల చప్పుడు లేదు. చేపలు తళుక్కుమంటూ పక్క నుంచి పోయాయి. ఒక్క క్షణం పైడి వచ్చేశాననుకున్నాడు. మరుక్షణం ఊపిరి ఆడలేదు. అమ్మా అని అరవాలనుకున్నాడు, నోట్లోకి నీళ్ళు వచ్చాయి.

అప్పుడు కింద నుంచి గట్టిగా ఏదో తగిలింది. అది తాబేలు తాత వీపు. తాత అతన్ని పైకి ఎత్తి, ఈదుకుంటూ వచ్చి, బండ మీద దించాడు. భయపడకండి, పైడి దగ్గాడు, తుమ్మాడు, బతికాడు.

వాన వెలిసింది. ఎండ వచ్చింది. తాతే మాట మొదలుపెట్టాడు.

"నేను చెట్టెక్కలేను. ఎగరలేను. తల పైకెత్తితే మెడ నొప్పి. నా బతుకులో మీ గూళ్ళను నేను సూటిగా చూసిందే లేదు. ఇదిగో, ఇక్కడ చూశాను." ముక్కుతో మడుగు వైపు చూపించాడు.

నీళ్ళు అప్పుడే నిలకడకు వస్తున్నాయి. పైడి వంగి చూశాడు. ఆకాశం కింద ఉంది. మబ్బులు అడుగున నడుస్తున్నాయి. ఈత చెట్టు తలకిందులుగా ఉంది. దాని ఆకుల చివర గూళ్ళు మొగ్గల్లా నిలబడి, నోళ్ళు పైకి తెరుచుకుని ఉన్నాయి. చేపలు వాటి మధ్య ఎగురుతున్నాయి. పసుపు తలల పిట్టలు చప్పుడు లేకుండా వచ్చి వాలుతున్నాయి. ఇంతలో చిన్న గాలి వీచింది. ఊరంతా ముక్కలైపోయింది. గాలి ఆగగానే మళ్ళీ వచ్చింది.

మన్నుముక్కు గూడు ఆ ఊళ్ళో ఉంది. దాని వాకిట్లో జిలుగు ఉంది. అందరి గూళ్ళూ ఉన్నాయి. రెండు ఆకుల చివరలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. అవి పైడి ఆకులు. అంతగా కోరుకున్న ఊళ్ళో గూడు లేనిది అతనొక్కడికే.

"అయితే నువ్వు చెప్పిందంతా అబద్ధమా తాతా?" అని పైడి అడిగాడు.

"కథ అబద్ధం కాదురా. నేను చూసిందే నాకు నచ్చినట్టు చెప్పాను. నువ్వు దారి అడిగినప్పుడు చెప్పిన మాట మాత్రం అబద్ధం. నిద్ర వస్తోందని ఏదో అనేశాను. అడిగింది చిన్నవాడని ఆలోచించలేదు. అది నా తప్పు."

పైడి ఏడ్చాడు. రెక్కలు ఆరేదాకా ఏడ్చాడు. ఆరాక రెల్లులోకి వెళ్ళి ఒక ఆకు చీల్చుకుని వచ్చాడు.

ఈసారి అడ్డం పోగు ముందు కట్టాడు. చిప్పను బోర్లించి అల్లాడు. గాలికి నిలవడం లేదని, సిగ్గు విడిచి మన్నుముక్కును మట్టి ఎలా మెత్తాలో అడిగాడు. మన్నుముక్కు పాత మాటలేవీ ఎత్తలేదు. వచ్చి చూపించాడు. పని అయ్యాక పైడి ముక్కుకు అంటిన మట్టి చూసి, "ఇక నుంచి మన్నుముక్కు అని పిలిస్తే ఎవరు పలకాలి బావా?" అన్నాడు. జిలుగు గూట్లోంచి నవ్వింది. పైడి కూడా నవ్వాడు. చాలా రోజుల తర్వాత అతని అరుపు మడుగంతా వినిపించింది.

ఆ ఏడు పైడి గూటికి ఎవరూ రాలేదు. దాచకుండా ఇది కూడా చెప్పాలి. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆడపిట్టలన్నీ తమ తమ గూళ్ళలో గుడ్ల మీద ఉన్నాయి. జిలుగుకు మూడు పిల్లలు పుట్టాయి. ఎన్ని వానలు పడినా వాటి ఒంటి మీద చుక్క పడలేదు. పైడి తన గూటిలో ఒక్కడే పొడిగా పడుకున్నాడు. సాయంత్రాలు బండ దగ్గరికి వెళ్ళి అందరితో పాటు కథ వినేవాడు, అందరితో పాటు లేచి ఇంటికి వచ్చేవాడు.

మరుసటి ఏడు తొలకరికి ఒక ఆడపిట్ట వచ్చింది. పైడి గూటి అడ్డం పోగు మీద కూర్చుంది. ఊగి చూసింది. పోగు లాగి చూసింది. కదలలేదు. ఉండిపోయింది.

పిల్లలు పుట్టాక పైడి వాటికి రోజూ మబ్బుల ఊరి కథ చెప్పేవాడు. ఒకరోజు వెండి చేపల దగ్గర ఆగి, మేత తేవడానికి లేచాడు. పిల్లలు ఊరుకోలేదు. తర్వాత ఏమైందో చెప్పేదాకా కదలనివ్వం అన్నాయి.

"ముందు తినండి," అన్నాడు పైడి. "చేపలు ఎక్కడికీ పోవు. పురుగు పోతుంది."

కథ ఇంతే పిల్లలూ. మీ బడిలో, మీ వీధిలో గిజిగాడిని చూడని వాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళకు ఈ కథ చెప్పండి. గూటి తలుపు కింద ఉంటుందని మొదటే చెప్పండి, లేకపోతే వాళ్ళకు అర్థం కాదు. రేపు మీకు పిల్లలు పుడితే వాళ్ళకూ చెప్పండి. చివర ఈ ఒక్క మాట మాత్రం వదలకండి.

నీతి: ఇష్టమైన కథలో ఎంతసేపైనా తిరిగి రావచ్చు, గూడు మాత్రం మనం బతికే చెట్టు మీదే కట్టుకోవాలి.